ఇందుమతి పరుగెత్తని పరుగు

శరదృతువు ముగిసి హేమంతము అడుగిడబోవు దినములవి. మధ్యాహ్నభోజనవేళ దాటిన పిమ్మట పడమటికి ఒరగిన సూర్యుని కిరణములు తీవ్రతను విడిచి మెత్తబడి నేలపై పరచుకొనియుండగా సముద్రతీరమునుండి వీచు చల్లని గాలి జీడితోపులను దాటి బట్టీలలో వేగుచున్న జీడిగింజల కమురువాసనను మోసికొనివచ్చి తేనెలవలస యను ఆ చిన్న పట్టణమంతటను చల్లుచుండెను. పట్టణమునకు ఉత్తరపు కొసనున్న ఉన్నతపాఠశాల యొక్క నాలుగెకరముల క్రీడామైదానము మోకాటిలోతు గడ్డితో పచ్చగా నిగనిగలాడుచుండెను. అందు ఏడు మేకలును రెండు గాడిదలును యథేచ్ఛగా విహరించుచుండెను. బంతియాటకై పూర్వమెన్నడో పాతిన ఇనుపస్తంభముల నడుమ కట్టిన త్రాటిపై మధ్యాహ్నభోజనము వండు వనితల చీరలు ఆరుచుండెను. కాకులుండెను. తూనీగలుండెను. ఆ మైదానమున లేనివారు బాలబాలికలు మాత్రమే.

వారెచ్చట నుండిరందురా? ఐదవ గంట మ్రోగి పది నిమిషములైనది. కాలపట్టికలో ఎనిమిదవ తరగతికి ఎదురుగా ‘ఆటలు’ అని ఎఱ్ఱసిరాతో స్ఫుటముగా వ్రాయబడియే యున్నది. అయినను ఆ తరగతికి చెందిన నలువదియిద్దరు విద్యార్థులును ఉదయము తొమ్మిది గంటలనుండి కూర్చున్న బల్లలపైననే కూర్చుండి భానోజీరావను గణితోపాధ్యాయుడు నల్లబల్లపై నింపుచున్న సమీకరణములను తమ పుస్తకములలోనికి ఎక్కించుకొనుచుండిరి. కిటికీ చెంతనున్నవారి కన్నులు మాత్రము అప్పుడప్పుడు గురువుగారి కన్నుగప్పి పోయి మేకలవైపు చూచి వచ్చుచుండెను. ఆహా, ఆ మేకల భాగ్యమే భాగ్యము!

మైదానపుటంచున గానుగచెట్టు నీడలో ప్లాస్టిక్కు నవారుతో అల్లిన ఇనుపకుర్చీ యొకటి కలదు. ఆ కుర్చీలో మెడను ఈలయు ఒడిని కాగితముల కట్టయు ధరించి పొట్టపై చేతులు చేర్చి అర్ధనిమీలితనేత్రుడై విరాజిల్లుచున్న స్థూలకాయుడే ఆ పాఠశాలకు వ్యాయామోపాధ్యాయుడగు పారినాయుడు. ఇరువదియైదు సంవత్సరములకు పూర్వము ఇతడు చెడుగుడు గీటు దాటి కూతకు వచ్చెనన్న అవతలి జట్టువారికి చెమటలు పట్టెడివని ఆ ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుదురు. ఆ దేహమే ఈ దేహమని నమ్ముటకు మిక్కిలి ఔదార్యము కావలెను. రెండు మోకాళ్ళును అరిగినవి. రక్తమున చక్కెర పెరిగినది. ఇంటినుండి పాఠశాలకు గల అరమైలు దూరమును మోటారుసైకిలుమీదను ద్వారమునుండి కుర్చీకి గల నలువది గజముల దూరమును నిట్టూర్పులమీదను అతడు దాటుచుండెను.

ఈ దశ ఒక్కనాట వచ్చిపడినది కాదు. ఎనిమిదేండ్ల క్రిందట ఒకనాడు భానోజీరావు అతని చెంతకు వచ్చి, ‘మాస్టారూ, పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదకొచ్చీసినాయి. మీ పీరియడొకటి ఇప్పించండి. మళ్ళీ ఇచ్చేస్తాను కదా’ అని బ్రతిమాలెను. పారినాయుడు ఇచ్చెను. మరునాడు విజ్ఞానశాస్త్రోపాధ్యాయిని అడిగెను. ఆమెకును ఇచ్చెను. పదవ తరగతితో మొదలైన ఆ వాడుక తొమ్మిదవ తరగతికి ప్రాకి ఎనిమిదవ తరగతిలో తిష్ఠవేసి తుదకు ఆటల పీరియడనగా లెక్కల పీరియడని చిన్నపిల్లలు సైతము ఎరిగిన ఆచారమయ్యెను. ఇచ్చినదానిని తిరిగి అడుగుటకు మొదట అతనికి మొగమాటము అడ్డువచ్చెను. పిమ్మట చెట్టునీడ హాయిగా నుండెను. ఉపాధ్యాయుల గదియందు మాత్రము ఏమి తక్కువ? భోజనపు గంట మ్రోగగానే పదునలుగురిలో పదుగురు సంచులనుండి మాత్రలు తీసి మ్రింగి నీకెంత చక్కెర నాకెంత చక్కెర అని పరస్పరము విచారించుకొనుచుండిరి. ఆ పోటీలో భానోజీరావును మించినవాడు లేడు.

కాని ప్రభుత్వమువారు ఊరకుండరు గదా! ప్రతి విద్యార్థికిని దేహదార్ఢ్యపత్రమను ఒక అట్టను పంపి ఈ శిశువు ఆరువందల మీటర్ల దూరమును ఎంతసేపటిలో పరుగెత్తెను ఎంత దూరము దుమికెను ఎన్ని మారులు వంగి లేచెను అని సంవత్సరమునకు రెండుమారులు వ్రాసి శ్రేణి నిర్ణయింపుడని ఆజ్ఞాపించిరి. పరుగెత్తించుటకు పీరియడు లేదు. పరుగెత్తుటకు చోటు లేదు. కుర్చీనుండి లేచుటకు అతనికి ఓపిక లేదు. అయినను పారినాయుడు ఏ పత్రమును ఖాళీగా విడిచినవాడు కాడు. అతనికి తన కంటియందు అపారమైన విశ్వాసము. ఆటగాడుగా బ్రతికిన దినములలో ఎదుటివాని పాదము కదలకమునుపే వాడెటు దుముకునో పసిగట్టిన కన్ను అది. పిల్ల నడచివచ్చు తీరు చూచినచో పరుగెంతయో చెప్పగలనని అతడు నిండుమనస్సుతో నమ్మియుండెను గనుక తాను వ్రాయుచున్నది అబద్ధమని ఎన్నడును అనుకొనలేదు. సన్ననివారికి ఉత్తమశ్రేణి. లావైనవారికి అధమశ్రేణి. నడిమివారికి మధ్యమము. పత్రమునకు ఒక నిమిషము చొప్పున మూడువందల పత్రములును రెండు మూడు దినములలో ముగించి అతడు చేతులు దులుపుకొనెడివాడు.

ఎనిమిదవ తరగతియందు ఇందుమతి యను బాలిక కలదు. పదుమూడేండ్లది. తండ్రి లేడు. తల్లియగు అప్పలనరసమ్మ జీడిబట్టీలో తెల్లవారినది మొదలు గొంతుకూర్చుండి గింజలు కొట్టి పప్పు తీయును. జీడినూనె సోకి ఆమె వ్రేళ్ళు నల్లబడినవి. సాయంకాలమున లేవవలసి వచ్చినప్పుడు మోకాళ్ళు పట్టివేసి గోడను ఆనుకొని గాని ఆమె నిలువజాలదు. ఇందుమతి పొడగరి. సన్నని దేహము పొడవైన కాళ్ళు. చదువులో వెనుక. పాటలో వెనుక. ఎందునను ఆ బాలిక పేరు ముందు వినబడియెరుగదు. పారినాయుడు ఆమెవంక ఒక్కమారు కన్నెత్తి చూచి పత్రముపై రెండు నిమిషముల ఇరువది సెకండ్లు అని వ్రాసి ఉత్తమశ్రేణి చుట్టును గుండ్రముగా గీత గీసెను.

భాద్రపదమున ఆ బాలికకు జ్వరము వచ్చి మోకాళ్ళు వాచి పదునైదు దినములు బడికి రాలేదు. తిరిగి వచ్చిన పిమ్మట మేడమెట్ల నడుమ నిలిచి రొప్పుచుండగా చూచి ఉపాధ్యాయులు సోమరిపోతువని కేకలిడిరి. తుదకొకనాడు ఆమె గానుగచెట్టు క్రిందికి వచ్చి తల వంచుకొని నిలిచెను.

‘మాస్టారండి, మెట్లెక్కితే నాకు ఆయాసం వొచ్చీస్తంది. గుండె దడదడ కొట్టుకుంటంది. ఏటి సెయ్యాలండి?’

పారినాయుడు కన్నులు సగము తెరచి చూచి నవ్వెను.

‘నీకేటే గుంటా, లేడిపిల్లలాగున్నావు! నీ పత్రంలో ఏటి రాసున్నాదో ఎరుగుదువా? ఆరొందల మీటర్లు రెండు నిమిషాల ఇరవై సెకండ్లు. స్కూలు మొత్తానికి నువ్వే ఫస్టు.’

‘నానెప్పుడు పరిగెట్టినానండి?’

‘పరిగెట్టక్కర్లేదే. నా కంటికి తెలుస్తాది. పరిగెడితే అంతలో వొచ్చేస్తావు.’

ఇందుమతి ముఖము చేటంత అయ్యెను. గురువుగారి కన్ను తప్పుచెప్పునా? ఆయాసము సంగతి ఆ సంతోషములో కొట్టుకొనిపోయెను. ఒక్క దినమునకని వేడుకొని ఆ పత్రమును ఇంటికి కొనిపోయి చదువురాని తల్లికి మూడుమారులు చదివి వినిపింపగా అప్పలనరసమ్మ నల్లని వ్రేళ్ళు కొంగుతో తుడుచుకొని ఆ అట్టను కన్నులకద్దుకొనెను. ఆ ఇంట ఒకరు దేనియందైనను ప్రథములగుట అదియే మొదలు.

కార్తికమాసమున ఒక బుధవారము ప్రభుత్వవైద్యురాలొకతె పాఠశాలకు వచ్చెను. మూడువందల మంది పిల్లలను ఒక్కదినమున పరీక్షింపవలసినదై ఆమె వరండాలో బల్ల వేయించుకొని కూర్చుండగా పారినాయుడు పత్రముల కట్టతో ప్రక్కన నిలిచి ఒక్కొక్కటి అందించుచుండెను. ప్రధానోపాధ్యాయిని ఎదుటి కుర్చీలో ఆసీనురాలై యుండెను. పిల్లల కోలాహలమునకు పైకప్పు రేకులు అదరుచుండెను. ఇందుమతి వంతు వచ్చెను. వైద్యురాలు ఆమె ఎదపై గొట్టమునానించి వినెను. మరల వినెను. కనుబొమలు ముడిచి పిల్లలను ఊరకుండుడని కసరి మూడవమారు వినెను.

‘మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?’

‘వొస్తాదండి.’

ఆమె పెద్దాసుపత్రికి చీటి వ్రాయుటకై కలము తీసి ‘గుండె’ యని ఒక్క మాట వ్రాసెను. అంతలో ఆమె చూపు పత్రముపై పడెను. కలము ఆగెను.

‘మాస్టారూ, ఈ అమ్మాయి ఆరువందల మీటర్లు రెండు నిమిషాల ఇరవై సెకండ్లలో పరిగెత్తిందా? మీరు దగ్గరుండి చూశారా?’

పారినాయుని గుండె గుభేలుమనెను. ఎనిమిదేండ్లలో అతనిని ఇట్లు సూటిగా అడిగినవారు లేరు. లేదనినచో ఈ ఒక్క పత్రముతో పోవునా? మూడువందల పత్రములును పోవును, వాని క్రింది సంతకములును పోవును, ఎదుట కూర్చున్న ప్రధానోపాధ్యాయిని ముఖము మాడిపోవును, చెడుగుడు పారినాయుడను పేరు ఊరిలో నవ్వులపాలగును. ఇదియంతయు రెప్పపాటులో అతని తలలో తిరిగెను. ఆ బాలిక గుండె మాత్రము అతని తలలోనికి రాలేదు. అకటా! వచ్చియుండిన ఈ కథయే లేకపోవును.

‘అవునండి. నానే దగ్గరుండి పరిగెట్టించినాను’ అని పలికెను.

ఇందుమతి చటుక్కున తలయెత్తి అతని ముఖములోనికి చూచెను. అతడు చూపు త్రిప్పుకొనెను. మాస్టారు చెప్పిన మాటకు ఎదురాడ రాదని యెరిగిన ఆ బాలిక మరల తల వంచుకొనెను.

‘అంత పరిగెత్తే పిల్లయితే గుండెకేమీ ఉండదు. ఈ గోలలో నాకే సరిగా వినపడలేదేమో. రక్తం తక్కువగా ఉంది’ అని వైద్యురాలు చీటి చింపివైచి ఇనుము మాత్రలు చేతిలో పెట్టి పంపివేసెను. చిరిగిన కాగితపు ముక్కలు రెండు గాలికి ఎగిరి పారినాయుని చెప్పులకడ పడెను. అందొకదానిపై ‘గుండె’ యని కనబడుచుండెను. అతడు దానిపై కాలుమోపి నిలిచెను.

ఆనాటినుండి అతనికి కూడు సహింపలేదు. మింగలేక కక్కలేక కొట్టుమిట్టాడుచుండగా మూడవదినమున ఉపాధ్యాయుల గదియందు భానోజీరావు సంగతేమని యడిగెను. పారినాయుడు గొంతు తగ్గించి చెప్పెను.

‘ఓస్, ఇంతేనా! మీరొక్కరే సేస్తన్నారేటి? ఈ కాగితాలు నిజంగా పరిగెట్టించి రాసినోడు జిల్లా మొత్తం మీద ఒక్కడున్నాడా? మాత్రలేసుకోండి, అన్నం తినండి’ అని భానోజీరావు తన మాత్రను తాను మ్రింగెను.

ఆ మాట వినుటకు చల్లగానుండెను గాని కడుపులోనికి దిగలేదు. మేడమెట్లపై ఇందుమతి కనబడినప్పుడెల్ల అతడు దారి మార్చుకొని పోవుచుండెను. వెన్ను చూపి యెరుగని ఆటగాడు పదుమూడేండ్ల పిల్లను చూచి తప్పుకొని తిరుగుచుండెను.

పులిమీద పుట్రవలె మరి పది దినములకు మండలక్రీడోత్సవముల ప్రకటన వచ్చెను. ప్రధానోపాధ్యాయిని పత్రములు తెప్పించి తిరుగవేసి ఆరువందల మీటర్ల పరుగునకు ఇందుమతి పేరు పైన వ్రాయించి మార్గశీర్షమున పాఠశాలలోనే ముందుగా ఒక పరుగు పెట్టించి చూతమని నిర్ణయించెను. నాలుగు దినములకు ఒక సాయంకాలమున అప్పలనరసమ్మ బట్టీనుండి తిన్నగా వచ్చి గానుగచెట్టు గడప యన్నట్లు చెప్పులు విడిచి నిలిచెను. ఆమె చేతిలో కొత్త కాన్వాసుబూట్ల జత యుండెను.

‘బాబూ, ఇవి సరిపోతాయా సూడండి. మా గుంట ఫస్టొస్తదంట గదా. బట్టీలో అందరికీ సెప్పుకున్నాను. పొద్దున్నే లేపి రోడ్డుమీద పరిగెట్టిస్తన్నాను. ఆయాసపడతంది గానీ, మీరున్నారు గదా అని ధైర్యం.’

పారినాయుడు బూట్లను చేతిలోనికి తీసికొని త్రిప్పి త్రిప్పి చూచెను. ఈ ఒక్క క్షణము చాలును. అమ్మా, నీ కూతురును పరుగెత్తింపకుము, ఆసుపత్రికి కొనిపొమ్ము అని చెప్పుటకు ఎన్ని మాటలు కావలెను? అతడు దగ్గెను.

‘బాగున్నాయి. మరీ రోజూ పరిగెట్టించకండి. పోటీకి ముందు కాళ్ళు అలిసిపోతాయి’ అనెను.

సగము మాట చెప్పితిని గదా అని ఆ సాయంకాలము తనను తాను ఓదార్చుకొనెను. పాపభీతి గలవాని కంటె పాపభీతి సగము గలవాడే ఎక్కువ కీడు చేయునని నాకు తోచును. అట్టివాడు తన మనస్సును నిదురపుచ్చుకొను విద్య నేర్చియుండును. అప్పలనరసమ్మ ఆ మాటను పట్టించుకొనలేదు. మాస్టారు మంచివాడు గనుక జాలిపడి అనెనని తలచి మరునాడును కూతురును లేపెను.

మార్గశీర్షమాసపు శుక్రవారమున గడ్డి కోయించిరి. మేకలను తోలిరి. చీరల త్రాడు విప్పించిరి. సున్నపు గీతలతో రెండువందల మీటర్ల చుట్టు గీసిరి; మూడు చుట్లు తిరిగినచో పరుగు పూర్తి. బడిపిల్లలందరును బయటికి వచ్చి వరుసగా నిలిచి ఎండ మొగమున తగిలినంతనే కారణము లేకయే కేరింతలు కొట్టిరి. ప్రధానోపాధ్యాయిని గొడుగుక్రింద నిలిచెను. బట్టీలో సెలవడిగి వచ్చిన అప్పలనరసమ్మ ద్వారముకడ నిలిచెను. ఎనిమిదిమంది బాలికలు గీతమీద పాదము మోపిరి. వారి నడుమ తెల్లని బూట్లతో ఇందుమతి.

పారినాయుడు ఈల పెదవులనడుమ ఉంచుకొనెను. ఊదలేకపోయెను. ‘ఏమండీ పారినాయుడు గారూ, ఆలస్యం దేనికి?’ అని ప్రధానోపాధ్యాయిని పిలిచెను. మూడువందల జతల కన్నులు అతనివైపు తిరిగెను. సిగ్గుపడి అతడు ఊదెను. రామ రామ! ఆ ఊపిరి ఏమి పాపము చేసికొనెనో.

మొదటి చుట్టు ముగియునప్పటికి ఇందుమతియే ముందుండెను. పిల్లలు ఆమె పేరు పెట్టి అరచిరి. తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వుచు ఏడ్చెను. రెండవ చుట్టు సగములో ఆమె కాళ్ళు తడబడెను. చేయి ఎదపైకి పోయెను. వెనుకనున్న బాలికలు ఒక్కొక్కరే దాటిపోయిరి. అయినను ఆమె ఆగలేదు. ద్వారముకడ నున్న తల్లివంక చూచి మరల అడుగు వేసెను. ఆమె పెదవులు నేరేడుపండు రంగునకు తిరుగుట పారినాయుడు చూచెను. ఇన్నేండ్లకు అతని కన్ను ఒక్క నిజమును చూచెను.

అతడు పరుగెత్తెను. పొట్ట ఎగిరిపడుచుండగా మోకాళ్ళలో సూదులు గ్రుచ్చినట్లగుచుండగా చెప్పు ఒకటి ఊడిపోగా మైదానమునకు అడ్డముగా పడి పరుగెత్తెను. పిల్లలు మొదట నవ్విరి. పిదప నవ్వు మానిరి. అతడు చేరి ఆమె భుజములు పట్టుకొనెను. ఇరువురును కోసిన గడ్డిమీద కూలబడిరి. ఇరువురును రొప్పుచుండిరి. పట్టుకొన్న చేతికి ఆ చిన్న ఎదలోని చప్పుడు తగులుచుండెను. అది ఒక తీరున కొట్టుకొనుట లేదు.

‘ఆగమ్మా... ఆగు...’

‘ఇంకొక్క రౌండే గదండి. మీ కంటికి తెలుస్తాదన్నారు గదా.’

‘నా కంటికేటీ తెలీదమ్మా’ అని పారినాయుడు ఊపిరి చాలక ఒక్కొక్క మాట విరుచుచు పలికెను. ‘కుర్చీలో కూకుని రాసీసినాను. అంతా అబద్దం. డాక్టరమ్మ కాడా అబద్దమే సెప్పినాను.’

ఇందుమతి చాలసేపు తన బూట్లను చూచుకొనెను. ఆ చూపును అతడు నేటికిని మరువలేదు.

ఆటోలో పెద్దాసుపత్రికి కొనిపోయిరి. అచ్చట ఆనాడు ఉన్నది ఆ వైద్యురాలే. నిశ్శబ్దమగు గదిలో ఒక్కమారు విన్నంతనే ఆమె ముఖము మారెను. పారినాయుడు చేతులు కట్టుకొని ఆనాటి తన బొంకును ఆమెకు విన్నవించెను. యంత్రముతో గుండెను పరీక్షించిరి. భాద్రపదమున కీళ్ళు వాచిన జ్వరమే లోనికి పోయి గుండెలోని కవాటమను తలుపును పట్టెనని తేలెను.

‘మూడు వారాలకొక సూది చొప్పున ఏళ్ళ తరబడి వేయించాలి. బతుకుతుంది. కానీ ఆ రోజే తెలిసుంటే ఈ నెల్లాళ్ళూ పరిగెత్తకుండా ఆపేవాళ్ళం. దానివల్ల ఎంత చెడిందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఒక కాగితం చూసి నా చెవులు నేను నమ్మలేదు. నాదీ తప్పే’ అని వైద్యురాలు తల వంచుకొనెను.

బయట నడవలో నేలపై కూర్చున్న అప్పలనరసమ్మ అతనిని చూచి గోడ పట్టుకొని లేచి రెండు చేతులును జోడించెను. మైదానమున గడ్డిపై జరిగిన మాటలు ద్వారముకడ నున్న ఆమె చెవిని పడలేదు.

‘దేవుళ్ళాగొచ్చి పట్టుకున్నావు బాబూ. నువ్వు పరిగెట్టకపోతే నా గుంట దక్కును కాదు.’

ఆ జోడించిన చేతులను చూచి పారినాయునికి అచ్చటనే నేల చీలి మ్రింగినను బాగుండునని తోచెను. ఊరకుండవచ్చును. ఇప్పుడు చెప్పుటవలన ఎవరికేమి మేలు? ఈ ప్రశ్నతోనే గదా అతడు నెలదినములు గడిపెను. అతడు చెప్పెను. పత్రమును ఎట్లు వ్రాసెనో చెప్పెను. చీటి ఎట్లు చిరిగెనో చెప్పెను. ఏదియు దాచలేదు.

ఆమె జోడించిన చేతులు మెల్లగా దింపెను. తిట్టలేదు. శపింపలేదు. ఒడిలోనుండి జారిన తెల్లని బూట్లను తీసి వానిపైని దుమ్మును నల్లని వ్రేళ్ళతో తుడువసాగెను.

‘నానే బాబూ, పొద్దున్నే లేపి తోలినాను. ఆయాసమే అమ్మా అంటే, పరిగెట్టే గుంటా, మాస్టారు సెప్పినారు, అని నానే తోలినాను.’

తన పాపములో పాలు ఆ తల్లి తలకును అంటించినవాడు తానే యని అప్పుడతనికి తెలియవచ్చెను. దానికి మించిన శిక్షను ఏ ప్రభుత్వమును వేయజాలదు. వేయనులేదు. అతడు జరిగినదంతయు వ్రాసి సంతకము చేసి ఇచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయిని దానిని సొరుగులో పెట్టి ‘నలుగురిలో అనకండి, స్కూలు పరువు పోతుంది’ అని మాత్రమే పలికెను.

మరుసటి సోమవారము ఐదవ గంట మ్రోగగానే పారినాయుడు ఎనిమిదవ తరగతి వాకిట నిలిచి, ‘భానోజీ మాస్టారూ, నా పీరియడు నాకిచ్చీయండి’ అనెను. భానోజీరావు సుద్దముక్క చేతనే పట్టుకొని తెల్లబోయి చూచెను. ఇనుపకుర్చీ వంటవనితల పాలాయెను. మూడువందల పత్రములకు బదులు క్రొత్త పత్రములు తెచ్చి ఒక్కొక్క శిశువును పరుగెత్తించి గడియారము చూచి వ్రాయుటకు అతనికి మూడు మాసములు పట్టెను. లావని తాను అధమశ్రేణి కట్టబెట్టిన కామేశ్వరి యను బాలిక అందరికంటె ముందు వచ్చెను. సన్ననివారిలో సగముమంది మూడవ చుట్టు ముగింపలేకపోయిరి. ఎనిమిదేండ్లుగా ఎందరి విషయమున ఎన్ని పొరపాట్లు వ్రాసి యుండునో, వారిలో ఎందరు ఏమైరో లెక్కింప యత్నించి అతడు భయపడి మానుకొనెను.

ఫాల్గునమాసమున జీడితోపులు పూచి గాలి తియ్యనైన దినములలో వైద్యురాలు ఇందుమతికి మెల్లగా నడచుటకు మాత్రము అనుజ్ఞ యిచ్చెను. పరుగు లేదు. ఎన్నటికో చెప్పజాలమనిరి. ఆనాటి ఐదవ పీరియడున తక్కిన పిల్లలు మైదానము నడుమ కేకలిడుచు చెడుగుడు ఆడుచుండగా ఒక క్రొత్త పత్రము ఖాళీగా నుండిపోయినది గనుక పారినాయుడు దానిని జేబున పెట్టుకొని ఆ బాలిక చెంతకు పోయెను.

‘నడుద్దామా అమ్మా? మూడు రౌండ్లు.’

‘పదండి’ అని ఇందుమతి లేచెను.

వారు సున్నపు గీతవెంట నడచిరి. ఆమె అలసినప్పుడు నిలిచిరి. ఊపిరి సర్దుకొనిన పిదప మరల నడచిరి. మూడవ చుట్టు ముగిసిన పిమ్మట అతడు గడియారము చూచి ఆమె ఎదుటనే నేలపై కూర్చుండి పత్రము తీసి నిదానముగా వ్రాసెను.

‘ఏటి రాసినారండి?’

అతడు చదివెను. ‘ఆరువందల మీటర్లు. నడక. మూడుచోట్ల ఆగినది. పదునాలుగు నిమిషములు.’

ఇందుమతి ఆ పత్రమును చేతిలోనికి తీసికొని శ్రద్ధగా చూచి తల అడ్డముగా ఊపెను.

‘తప్పండి. నాలుగు చోట్ల ఆగినాం. ఒకసారి మీ కోసరం ఆగినాం గదా.’

పారినాయుడు పత్రమును తిరిగి తీసికొని మూడును కొట్టివైచి నాలుగు అని వ్రాసెను.